శుక్రవారం పారబోసిన బేసిన్లు

నీటి పరీక్షల ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. పలకరింపులయ్యాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మేడం, మీ సర్వీసులో మీరు మరిచిపోలేని కేసు ఏది?" అని. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించను. కమలాపురం వైపు ఒక ఊరి చెరువు కేసు చెబుతాను. నేను కళ్లతో చూడని పురుగుల్ని సాక్ష్యంగా పెట్టి గెలిచిన కేసు అది. ఇప్పుడు తలుచుకున్నా నాకు గర్వంగానే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు?

నా పని ఏమిటో ముందు చెప్పాలి. చెరువులో నీళ్లు బాగున్నాయో లేవో తెలుసుకోవడానికి మామూలుగా ఒక సీసాడు నీళ్లు తెచ్చి ల్యాబులో పరీక్ష చేస్తారు. అది తప్పేమీ కాదు. కానీ ఆ సీసా, నీళ్లు పట్టిన ఆ పూట సంగతి మాత్రమే చెబుతుంది. నెలల తరబడి ఆ చెరువులో ఏం జరుగుతోందో తెలియాలంటే అందులో పుట్టి పెరిగే చిన్న చిన్న ప్రాణుల్ని చూడాలి. తూనీగ పిల్లలు, నత్తలు, నీటి పురుగులు, ఆవగింజంత ఉండే డాఫ్నియాలు, అన్నీ. ఇంట్లో వంట ఎలా ఉంటుందో పండగపూట వచ్చిన చుట్టాన్ని కాదు గదా అడగాల్సింది, రోజూ అక్కడ తినేవాళ్లని అడగాలి. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆ రోజూ తినేవాళ్లతోనే మాట్లాడాను. అందుకే ఆఫీసులో నా పేరు పురుగులమ్మ.

ఆ పేరు పెట్టింది మా కెమిస్టు. కర్నూలు నుంచి నన్ను కడప ల్యాబుకు బదిలీ చేసిన మొదటి రోజే పెట్టాడు. వేంపల్లె మనిషి. నోరు తెరిస్తే ఎగతాళి, చేతిలో పని మాత్రం అద్దంలా ఉంటుంది. "మా సీసాలు మాట్లాడతాయి మేడం, మీ పురుగులు పాకుతాయి. అంతే తేడా" అనేవాడు. నేనూ ఊరుకోలేదు. "మీ సీసాలు మీరు అడిగిందానికే జవాబు చెబుతాయి. నా పురుగులు అడక్కుండానే చెబుతాయి" అన్నాను. అక్కడి నుంచి మాకిద్దరికీ మంచి స్నేహం కుదిరింది.

మా పైఅధికారి ఇంకో రకం. చెడ్డమనిషి కాదు, లంచం ముట్టని మనిషి. కానీ పద్ధతి అంటే ప్రాణం. ఆయన టేబులు అద్దం కింద ఒక పట్టిక ఉండేది. ఏ పురుగు దొరికితే ఎన్ని మార్కులు, ఏది దొరక్కపోతే ఎన్ని తగ్గించాలి అని అందులో ఉంటుంది. దాన్ని తయారుచేసింది ఎక్కడో చలిదేశాల్లో, ఏడాది పొడవునా పారే వాగుల కోసం. అందులో ఎక్కువ మార్కులు చల్లని నీళ్లలో రాళ్ల కింద బతికే ఈగ పిల్లలకు. ఆ ఈగ మన కడప జిల్లా చెరువుకు వచ్చిందంటే మధ్యాహ్నానికల్లా వడదెబ్బకు పోతుంది. ఈ మాట ఆయనతో అంటే, "పట్టిక పట్టికే మేడం" అనేవాడు.

నేను కడపలో చేరిన కొన్ని వారాలకే ఒక పొద్దున ఒకావిడ ల్యాబుకు వచ్చింది. అరవై దాటి ఉంటాయి. తెల్ల చీర, చేతిలో గొడుగు, బైబిలు పెట్టుకునే గుడ్డసంచి. ఊళ్లో అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారని తర్వాత తెలిసింది. నేనూ అక్కా అనే పిలిచాను, ఇక్కడా అదే రాస్తాను. వాళ్ల ఊరి చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. లోపలికి రాగానే కూర్చోమన్నా కూర్చోలేదు.

"నువ్వేనామ్మా పురుగులు చూసే మేడం?"

"అవునక్కా, చెప్పు."

"మా చెరువు సచ్చిపోయిందని రాసినారంట గదా మీ ఆఫీసోళ్లు. ఎవురు చూసినారు? యాడ చూసినారు?"

నాకేమీ అర్థం కాలేదు. ఆమె నిదానించి చెప్పింది. నేను రాకముందు మా ల్యాబు వాళ్లు ఆ చెరువును పరీక్షించి, అది నిర్జీవం అని రిపోర్టు ఇచ్చారు. ఆ రిపోర్టు చూసి, ఈసారి కాలువ నీళ్లు ఆ చెరువుకు ఇవ్వడం దండగ, వేరే చెరువుకు మళ్లిద్దాం అని నీటిపారుదల వాళ్లు అనుకుంటున్నారు. ఆఖరి మాట చెప్పడానికి వాళ్ల పెద్ద అధికారి వచ్చే శనివారం ఊరికి వస్తున్నాడు.

"చెరువు నిండితేనే మా బోర్లు పలికేది మేడం. నాకు చీనీకాయల తోట ఉండాది. మా ఆయన పోయినాంక బిందెలతో నీళ్లు మోసి పెంచినా ఆ చెట్లను. రెండేండ్లుగా చెరువుకు నీళ్లు లేవు. మా బోరు ఇప్పుడు గ్లాసులు గ్లాసులు పోస్తాండాది. ఇంగో ఎండాకాలం అంటే అవి తట్టుకోవు. కొట్టేసి కట్టెలకు అమ్ముకోవాల్సిందే. నేను కూలికి పోవల్ల ఈ వయసులో."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఓదార్చి పంపేసేదాన్నేమో. నా కళ్లలోకి చూస్తూ నిలబడింది, జవాబు ఇచ్చేదాకా కదిలేది లేదన్నట్టు.

రిపోర్టు తెప్పించి చూశాను. దొరికినవి ఎర్ర పురుగులు మాత్రమే. గాలి ఆడని మురికిలో బతికేవి అవి. వచ్చిన మార్కులు సున్నాకు పక్కనే. రెండేళ్ల కిందట ఆ పరీక్ష చేసినప్పుడు చెరువులో కాసిని నీళ్లు మిగిలి ఉన్నాయి, ఇప్పుడవీ లేవు. పైఅధికారి దగ్గరికి వెళ్లి, మళ్లీ చూసొస్తానని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చెరువు ఎండిపోయింది గదా మేడం. నీళ్లు లేని చెరువులో నీటి నాణ్యత ఏం చూస్తారు?"

"చూసేదేదో చూస్తాను సార్."

"ఆఫీసు పనిగా పంపలేను. సెలవు పెట్టుకుని పోతే మీ ఇష్టం."

సెలవు పెట్టాను. కెమిస్టు కూడా పెట్టాడు. "ఎండిన చెరువులో పురుగులు పట్టే మనిషిని నా జన్మలో చూడలేదు, చూడాల్సిందే" అన్నాడు. అతని స్కూటరు మీదే వెళ్లాం.

ఊరు చేరగానే విషయం సగం తెలిసిపోయింది. కడప నుంచి వచ్చే రోడ్డు చెరువుకు ఒక మూలన తగులుతుంది. జీపు ఆగడానికి అదొక్కటే చోటు. ఆ మూలలోనే ఊరి మురుగు కాలువ చెరువులోకి దిగుతుంది. ఆ కాలువలోకే పైనున్న నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీల నీళ్లు, రాతిపిండితో కలిసి పాలలాగా వచ్చి పడతాయి. ఆ మూలంతా తెల్లగా గట్టిపడి, సున్నం కొట్టిన అరుగులా ఉంది. రిపోర్టులో చోటు దగ్గర రాసిందీ ఈ మూలే. మావాళ్లు జీపు దిగారు, అక్కడే వల వేశారు, అక్కడే లెక్క పెట్టారు, జీపు ఎక్కారు. బూట్లకు బురద కాలేదు. చెరువుకు ఇంకా మూడు వైపులున్నాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

"ఇది ఎట్లుందంటే మేడం, గడప బయటే నిలబడి ఇంట్లో మనుషుల్లేరని రాసినట్టుంది" అన్నాడు కెమిస్టు. మాట ఎగతాళే గానీ, అతనికి కోపం మాత్రం నిజంగానే వచ్చింది.

మేం మిగతా వైపులు నడిచాం. నేల నోళ్లు తెరిచి ఉంది, పగుళ్లలో చెయ్యి పట్టేంత. ఒక పెళ్ల ఎత్తి చూస్తే అడుగున నత్తగుల్లలు, ఎప్పుడో విడిచిన తూనీగ పొట్టు, రెండు పలకల చిన్న చిన్న పెంకులు. ఆ పెంకులు చూడగానే నా గుండె తేలికయింది.

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు. మన సీమ చెరువులు ఏటా నిండవు, నిండినా ఎండకుండా ఉండవు. కాబట్టి ఇక్కడి చిన్న ప్రాణులు దానికి తగ్గట్టే బతకడం నేర్చుకున్నాయి. నీళ్లు తగ్గుతున్నాయని తెలియగానే డాఫ్నియాలు, ఆ రెండు పలకల పెంకుల్లో బతికే పెంకు రొయ్యలు గట్టి తొడుగున్న గుడ్లు పెట్టి పోతాయి. ఆ గుడ్లు ఎండిన మట్టిలో ఏళ్లకేళ్లు పడుకుని ఉంటాయి. మంచినీళ్లు తగిలితే కొన్ని రోజుల్లో లేస్తాయి. చెరువు నిజంగా చచ్చిందా బతికుందా అని తెలియాలంటే ఆ మట్టికి నీళ్లు పోసి చూస్తే చాలు. చలిదేశాల పట్టికలో ఈ మాట లేదు. వాళ్లకు ఈ అవసరం రాలేదు.

నాలుగు వైపుల నుంచీ పైమట్టి గీకి గుడ్డల్లో మూటలు కట్టుకున్నాం. తీరా చేద్దామంటే తెల్లటి పాత్రలు కావాలి, అందులో అయితేనే చిన్న ప్రాణులు కనపడతాయి. ల్యాబు ట్రేలు అడిగే మొహం లేదు. అక్క ఆ మాట విని చర్చి వెనక గది తాళం తీసింది. మిషను దొరల కాలం నాటి తెల్ల పింగాణీ పూత బేసిన్లు, ఒకదాంట్లో ఒకటి పేర్చి ఉన్నాయి. ప్రేమవిందుకు కూరలు వడ్డించే బేసిన్లు అవి.

"వీటిల్లో బురద పోస్తే పాస్టరయ్య ఏమనడా?" అన్నాను.

"పాస్టరయ్యకూ తోట ఉండాది" అంది అక్క.

ఊరి బోరు నీళ్లు ఉప్పన. అలాంటి నీళ్లకు ఈ గుడ్లు లేవవు, వానకు పడే నీళ్లలాంటివి కావాలి. కెమిస్టు నాలుక మీద ఒక చుక్క వేసుకుని మొహం చిట్లించి, బయటికి వెళ్లి, ఊళ్లో అమ్మే ఫిల్టరు నీళ్ల క్యాన్లు తెచ్చి దించాడు. "పురుగులకు మినరల్ వాటర్ పోసిన మొదటి ల్యాబు మనదే" అన్నాడు. బేసిను అడుగున ఏ వైపు మట్టో రాసి చీటీ అంటించాం. పైకి చూస్తే అన్నీ ఒకటే. చర్చి వరండాలో బెంచీల కింద నీడలో కలగలిపి వరసగా పెట్టాం. దోమలు వాలకుండా అక్క పాత దోమతెర కత్తిరించి అన్నిటికీ కట్టింది. సంత రోజు సరుకు సర్దినట్టు అంతా సర్దాక ఇళ్లకు బయల్దేరాం. శనివారం సభకు ఇంకా నాలుగు రోజులుంది, సరిపోతుందనుకున్నాం.

సరిపోయేలా కనపడలేదు. బుధవారం ఏమీ లేదు. గురువారం సాయంత్రం వెలుతురు పోయేదాకా వరండాలో బోర్లా పడుకుని భూతద్దంతో చూశాను. మట్టి, నీళ్లు. అంతే. రెండేళ్ల ఎండకు గుడ్లు మాడిపోయాయా? నేను ఈమెకు లేనిపోని ఆశ పెట్టానా? అక్క టీ తెచ్చి పక్కన పెట్టి, "రేపు చూద్దాంలేమ్మా" అంది. ఆమె నాకు ధైర్యం చెబుతుంటే నాకు సిగ్గేసింది. కడపకు తిరిగొచ్చేదారిలో కెమిస్టు ఒక్క ఎగతాళి కూడా చేయలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

శుక్రవారం పొద్దున మేం ఊరు చేరేసరికి చర్చి ముందర గుంపు. మధ్యలో అక్క గొంతు ఊరంతా వినపడుతోంది. ఆమెకు ఎదురుగా ఆశా కార్యకర్త. ఆ ఊరి పిల్లే, పాతికేళ్లుంటాయి. గులాబీ రంగు చీర, భుజాన సంచి, మొహంలో ఎక్కడా తగ్గేది లేదు. వరండాలో మా బేసిన్లు కడిగి, గోడకు బోర్లించి ఉన్నాయి.

సంగతి ఇది. వారంవారం శుక్రవారం డ్రై డే. దోమలు పెరగకుండా ఎక్కడ నీళ్లు నిలవ ఉన్నా, వాటిల్లో పురుగులు కదులుతుంటే, ఆశా కార్యకర్తలు పారబోయించాలి. ఈ పిల్ల ఆ పనిలో చండశాసనురాలు. ఎవరి తొట్టినీ, ఎవరి కుండనూ వదలదు. తెల్లారకముందే చర్చి దగ్గర మొదలుపెట్టింది.

"నీకు కండ్లు లేవా? అవి మేడం పెట్టిన పరీచ్ఛ అని తెల్దా?" అక్క అరుస్తోంది.

"నాకెవరు చెప్పినారు పెద్దమ్మా? తెర తీసి చూస్తే పురుగులు ఆడతాండాయి. పురుగులుంటే పారబోయాల. నా డ్యూటీ నేను చేసినా. దేవుని గుడి అయితే దోమలు కుట్టవా?"

నాకు ఒళ్లు మండిపోయింది. మండిపోయింది గానీ, ఆ పిల్ల మాటల్లో ఒక మాట చెవిలో పడి అక్కడే నిలిచింది. పురుగులు ఆడతాండాయి అంది.

"ఏం పురుగులు చూశావమ్మా?" అన్నాను, గొంతు అణుచుకుని.

"ఏమో మేడం, నాకు తెల్దు. ఉప్మారవ్వ మాదిరి తెల్లగా, చుక్కలు చుక్కలుగా ఎగురుతాండాయి. శానా ఉన్నాయి."

రాత్రికి రాత్రి లేచాయన్నమాట. రెండేళ్ల నిద్ర నుంచి లేచి, లేచిన పూటే పారబోయించుకున్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియక వరండా మెట్టు మీద కూలబడ్డాను. సభ రేపు. మళ్లీ పెట్టి మళ్లీ లేవడానికి టైము లేదు. నేను చూడలేదు, ఫోటో లేదు, ఏమీ లేదు.

కూలబడ్డాను కాబట్టే కనపడ్డాయి. బెంచీల కింద, నేలకు దగ్గరగా, కొన్ని బేసిన్లు నిండా నీళ్లతో అలాగే ఉన్నాయి. తెర తీసి మళ్లీ జాగ్రత్తగా కప్పినట్టు తెలుస్తోంది.

"మరి వీటినెందుకు వదిలేశావు?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "వాటిల్లో ఏం లేవు మేడం. తేటనీళ్లు. పిచ్చుకలకు పెట్టినారేమో అనుకున్యా. ఈ ఎండల్లో మంచినీళ్లు ఎవరన్నా పారబోస్తారా? పాపం తగలదూ?"

నేను ఒక బేసిను పైకెత్తి అడుగున చీటీ చూశాను. మురుగు కాలువ మూల. ఇంకోటి ఎత్తాను. మురుగు కాలువ మూల. కెమిస్టు పరిగెత్తుకొచ్చి మిగతావి ఎత్తాడు, నీళ్లన్నీ చొక్కా మీద పోసుకున్నాడు. అన్నీ అవే. గోడకు బోర్లించినవి చూశాం. వాటిల్లో ఒక్కటి కూడా ఆ మూలది లేదు. మూడు వైపుల మట్టీ లేచింది, ఒక్క మూల లేవలేదు. ఏ బేసిను ఏదో తెలియని మనిషి, చీటీ చూడని మనిషి, మా గొడవ ఏమిటో కూడా పట్టని మనిషి, తన పని తాను చేసుకుంటూ పోయి మా పరీక్ష మాకంటే బాగా ముగించింది. ఎంత జాగ్రత్తగా ప్లాను వేసినా నేను అంత నిష్పక్షపాతంగా చేయగలిగేదాన్ని కాదు.

లేచి ఆ పిల్లను గట్టిగా వాటేసుకున్నాను. భయపడిపోయింది పాపం. "కొడతారనుకున్యా మేడం" అంది తర్వాత.

శనివారం సభ బడి ఆవరణలో, షామియానా కింద జరిగింది. ఊరంతా వచ్చింది. పాలిషు ఫ్యాక్టరీల వాళ్లు ఒక పక్క కుర్చీల్లో కూర్చున్నారు. మా పైఅధికారి పట్టికతో సహా వచ్చాడు. నీటిపారుదల అధికారి చిన్నవాడు, నలభై లోపే ఉంటాడు, ఎండకు మొహం కందిపోయి ఉన్నాడు. అక్క మొదటి వరసలో, గొడుగు కర్ర రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. దాచలేదు. బేసిన్లు పెట్టాం, పారబోశారు, నేను చూడలేదు అన్నాను. జనంలో గుసగుసలు లేచాయి. పైఅధికారి మెల్లగా అన్నాడు, "చూడనిదాన్ని ఎట్లా నమ్మమంటారు మేడం?"

"నన్ను నమ్మొద్దు సార్. చూసిన మనిషి ఇక్కడే ఉంది."

ఆశా పిల్ల లేచింది. మైకు ఇస్తే వద్దంది, ఆ గొంతుకు మైకు అక్కర్లేదు కూడా.

నీటిపారుదల అధికారి అడిగాడు, "బేసిన్లు ఎవరు పారబోయమన్నారమ్మా?"

"ఎవరూ అన్లేదు సార్. శుక్రవారం గదా."

"ఏవి పారబోశావు?"

"పురుగులు ఆడేవి పారబోసినా. ఆడనివి పెట్టేసినా."

"ఏ బేసినులో ఎక్కడి మట్టి ఉందో నీకు తెలుసా?"

"నాకెట్ల తెలుస్తాది సార్? బురద బురద మాదిరే ఉండాది."

జనం నవ్వారు. పైఅధికారి ఊరుకోలేదు. "అవి దోమ పిల్లలే అయి ఉంటాయి. నిలవ నీళ్లలో దోమలు గుడ్లు పెట్టడం మామూలే."

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రావాలని కోరుకున్నాను కూడా. "అన్నిటికీ దోమతెర కట్టాం సార్. తెర లేదనే అనుకుందాం. అప్పుడు కలగలిపి పెట్టిన బేసిన్లలో మురుగు మూలవి మాత్రమే ఏరి వదిలేసి, మిగతా అన్నిట్లో గుడ్లు పెట్టాలంటే ఆ దోమ మన చీటీలు చదివి ఉండాలి."

షామియానా ఊగేటంత నవ్వారు. నీటిపారుదల అధికారి కూడా నవ్వి, రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు మా కెమిస్టు లేచాడు. ఎవరూ పిలవలేదు, తనే లేచాడు. సెలవులో వచ్చిన మనిషి, పైఅధికారి ఎదురుగా.

"సార్, నేను సీసాల మనిషిని. పురుగులంటే నాకు పడదు. కానీ ఆ రిపోర్టుకు వల వేసింది ఒక్క మూలలోనే. మొన్న నేను చెరువంతా నడిచి చూసినా. మిగతా మూడు వైపుల్నీ ఎవరూ చూడలేదు. ఇది నేను రాసిస్తా" అన్నాడు.

ఫ్యాక్టరీల వైపు నుంచి ఒకాయన గొణిగాడు, "మా పొడి ఏమన్నా విషమా? రాతిపిండే గదప్పా."

"విషం కాదు సార్" అన్నాను. "కానీ మీ విత్తనాల మీద ఎవరన్నా సిమెంటు పూస్తే మొలుస్తాయా?" ఆయనకూ పొలం ఉన్నట్టుంది, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

అధికారి పాత రిపోర్టు తెరిచి మళ్లీ మొదటి నుంచి చదివాడు. అంత సేపూ అక్క గొడుగు కర్ర మీంచి చేతులు తీయలేదు. చివరికి ఆయన, "నా ఎదురుగా మళ్లీ చేయండి. లేస్తే నీళ్లిస్తాను" అన్నాడు. అక్కడికక్కడే చెరువులోకి దిగాడు. తన మనుషులతోనే మట్టి తీయించాడు, చీటీలు తనే రాసి మడిచి అంటించాడు, బేసిన్లు చర్చి వెనక గదిలో పెట్టించి, తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. బయల్దేరబోయి ఆగి, ఆశా పిల్లను పిలిచి, "వచ్చే శుక్రవారం ఈ గది జోలికి రాకమ్మా" అన్నాడు.

"మీరు రాసిస్తే రాను సార్" అంది ఆ పిల్ల. నిజంగానే రాయించుకుంది.

ఆయన తిరిగొచ్చి తాళం తీసిన రోజు నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. నేను భూతద్దం ఇవ్వబోతే అవసరం పడలేదు. బేసిన్లలో నీళ్లు తుకతుక ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. డాఫ్నియాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెంకు రొయ్యలు రెండు పలకల మధ్య నుంచి కాళ్లు ఆడిస్తూ బొంగరాల్లా తిరుగుతున్నాయి. అధికారి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో చీటీ విప్పుతూ పోయాడు. తూము వైపు, బతికుంది. కట్ట వైపు, బతికుంది. అలుగు వైపు, బతికుంది. మురుగు మూల బేసిన్లు మాత్రం తేటగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. వెనక మా పైఅధికారి నిలబడి ఉన్నాడు. చాలాసేపు వంగి చూశాడు. "నా పట్టికలో వీటికి మార్కుల్లేవు మేడం" అన్నాడు. జేబులోంచి కలం తీసి, "వేద్దాం" అన్నాడు. ఆ మనిషి మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపమంతా ఆ ఒక్క మాటతో పోయింది. కొన్నాళ్లకు ఆ అద్దం కింద కొత్త పట్టిక వచ్చింది, మన చెరువుల పురుగులతో. అందులో నా చేతిరాత కూడా ఉంది.

నీటిపారుదల అధికారి ఇచ్చిన మాట ప్రకారమే ఆ ఏడు చెరువుకు కాలువ నీళ్లు వదిలారు. అంతకుముందే మురుగు కాలువను మళ్లించారు. ఫ్యాక్టరీల వాళ్లచేత రాతిపిండి దిగే గుంతలు కట్టించారు, గట్టిపడిన పొరను గీకించారు.

పిల్లలూ, ఇప్పుడు మీ చేతుల్లో మంచి మంచి పరికరాలున్నాయి. నీళ్లలో ముంచితే ఫోనుకు లెక్కలు పంపేవి కూడా వచ్చాయట. వాడండి, నేను కాదనను. అయితే జీపు ఆగిన చోటే వాడొద్దు. చెరువు చుట్టూ ఒకసారి నడవండి, బూట్లు కడుక్కోవచ్చు. ఇంకో మాట, మీ పరీక్షను ఎవరన్నా పాడుచేశారని తిట్టబోయేముందు, వాళ్లు దేన్ని వదిలేశారో ఒకసారి చూడండి.

నీళ్లు వచ్చిన కొన్నాళ్లకు అక్క కబురు చేసింది. నేనూ కెమిస్టూ వెళ్లాం. ముందు తోటకే తీసుకెళ్లింది. చీనీ చెట్లు కొత్త చిగుళ్లు వేశాయి. బోరు గొట్టం లోంచి నీళ్లు నిండుగా పడుతున్నాయి. అక్క ఆ నీళ్లు దోసిట్లో పట్టి మొహం కడుక్కుంది, నా మొహాన కూడా చల్లింది. అంతవరకూ ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కెమిస్టు కంట్లో నలక పడిందన్నాడు.

అక్కడి నుంచి చెరువు కట్ట మీదికి వెళ్లాం. ఆశా పిల్ల కూడా వచ్చింది, శుక్రవారం కాబట్టి భుజాన సంచి ఉంది. నేను వల వేసి లాగి, తెల్ల బేసినులో తిరగేశాను. ఆ నీళ్ల నిండా తెల్లచుక్కలు, ఎగురుతున్నాయి, దొర్లుతున్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆ పిల్ల బేసిను వైపు చూసింది. తల ఎత్తి, కట్ట నుంచి అవతలి గట్టుదాకా నిండి ఉన్న చెరువు వైపు చూసింది. సంచి దించి కట్ట మీద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుంది.

"ఇన్ని నీళ్లు నేను యాడ పారబోసేది మేడం?" అంది.